ప్రశ్న అడిగి, పిల్లల జవాబు కోసం ఆగే తెలుగు షో ఏదైనా ఉందా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. నాలుగేళ్ల మా పాపకు బ్లూస్ క్లూస్ అంటే ప్రాణం. 1996లో అమెరికాలో నికలోడియన్ అనే పిల్లల ఛానల్‌లో మొదలైన షో అది. అందులో షో నడిపే అన్న ఒక ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పేదాకా కాసేపు ఆగుతాడు. అప్పట్లో ఒకే ఎపిసోడ్‌ను వరుసగా ఐదు రోజులు వేసేవాళ్లు. మళ్లీ మళ్లీ చూస్తే పిల్లలు ధైర్యంగా జవాబు చెప్తారని. మా పాపను చూస్తే అది నిజమే అనిపిస్తుంది.

కానీ ఇంగ్లిష్ ప్రశ్నలు సగం అర్థం కావు. పక్కన కూర్చున్న నాయనమ్మ తెలుగులో చెప్పేలోపు అతను ముందుకెళ్లిపోతాడు. రైమ్స్ వీడియోలు చెప్పకండి, అవి ఎక్కడా ఆగవు. ఇలా ఆగి అడిగే తెలుగు షో ఎవరికైనా తెలుసా? లేదంటే సౌండ్ తీసేసి మేమే తెలుగులో అడిగితే పిల్లలు వింటారా? అలా చేసి చూసినవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు ఉంటే దయచేసి చెప్పండి.