సమస్యాపూరణం: తనయు నెత్తురు గని తల్లి నవ్వె

మిత్రులారా, మొన్న ఆదివారం మన విశాఖలో ఒక కథానాయకుడి అభిమానులు సమ్మేళనం పెట్టుకున్నారు. టిక్కెట్ల మీద, పాత పోస్టర్ల వేలం మీద వచ్చిన ప్రతి రూపాయీ థలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న పిల్లల మందులకే. పక్క హాల్లో రక్తదాన శిబిరం. అక్కడే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి, ఛందస్సు ఆటవెలది. కన్నకొడుకు రక్తం చూసి తల్లి ఎందుకు నవ్వుతుందో నమ్మేలా చెప్పండి.

గాజువాక మిత్రుడు

సభకు వచ్చినట్టి చంటిబిడ్డలకయి
చేయి చాచి పడక చేరె నతడు
సంచి నిండుచుండ చల్లగా దరిజేరి
తనయు నెత్తురు గని తల్లి నవ్వె

భీమిలి మాస్టారు: గణాలు, యతులు సరిపోయాయి. కానీ జబ్బు పిల్లల్ని సభకు తీసుకురాలేదు. వాళ్లను వేదిక మీద నిలబెట్టి చందా అడగకూడదని నిర్వాహకులు ముందే అనుకున్నారు, చాలా మంచి పని. 'వచ్చినట్టి' బదులు 'వచ్చినాడు' అనండి, వచ్చింది దాత అవుతాడు. 'చల్లగా దరిజేరి' పాదం నింపడానికే వచ్చింది. 'జంకు వీడి నిలిచి' అంటే? సూదికి భయపడ్డ తల్లి ధైర్యం తెచ్చుకుంది, నవ్వుకి కారణం దొరికింది.

గాజువాక మిత్రుడు: రెండూ తీసుకుంటున్నాను మాస్టారూ.

సీతమ్మధార అక్కయ్య

ఇనుము తగ్గెననుచు నింటికి వచ్చిన
వైద్యు చీటి చదివి వార్త తెలిసి
నిధుల నిచ్చినట్టి నేస్తాల దీవించి
తనయు నెత్తురు గని తల్లి నవ్వె

పెందుర్తి తమ్ముడు: అక్కా, ఇనుము తగ్గితే రక్తహీనత కదా? నవ్వడమేంటి?

సీతమ్మధార అక్కయ్య: నేను ల్యాబులో పనిచేస్తాను తమ్ముడూ, రోజూ చూసేదే ఇది. ఈ పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఒక్కో యూనిట్‌తో దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. అందుకే ఇనుమును బయటికి లాగే మందులు ఏళ్ల తరబడి వాడాలి. రక్తం ఊరికే దొరికినా ఈ మందులకి డబ్బు కావాలి. సమ్మేళనం నిధి అందుకే.

భీమిలి మాస్టారు: విషయం గొప్పది, ఇంతవరకు ఎవరూ పద్యంలో పెట్టలేదనుకుంటాను. అన్వయమే ఇబ్బంది. తల్లి చూసింది చీటీని, నెత్తురుని కాదు.

పెందుర్తి తమ్ముడు (మొదటిసారి రాస్తున్నాను)

రామకృష్ణ బీచి రహదారి మీద
హుండి నింపి తెచ్చె నుత్సహించి
కాలి బొబ్బ చిట్లి కారుచుండిన నేమి
తనయు నెత్తురు గని తల్లి నవ్వె

'కృ' వల్ల 'మ' గురువు అవుతుందా? అక్కడే టెన్షన్ పడ్డాను.

సీతమ్మధార అక్కయ్య: అవదు. 'కృ' సంయుక్తాక్షరం కాదు, 'మ' లఘువే. తప్పు పాదం చివర ఉంది, 'మీద' ఇంద్రగణం కాదు. 'రహదారిపై నేగి' అంటే సరి. రెండో పాదంలో యతి చక్కగా కుదిరింది. కానీ కొడుకు కాలు చిట్లి కారుతుంటే ఏ తల్లీ నవ్వదు. ముందు కట్టు కడుతుంది. మూడో పాదం మళ్లీ ఆలోచించు.

భీమిలి మాస్టారు

బొమ్మ నుదుట బెట్టు బొట్టుకై నాడేడ్చె;
నేడు పరుల కొఱకు నిండు మదిని
దానముగను సూది దాల్చిన ఘడియలో
తనయు నెత్తురు గని తల్లి నవ్వె

గాజువాక మిత్రుడు: మాస్టారూ, నెత్తుటి బొట్టని మొదటి పాదంలోనే తెలియాలేమో?

పృచ్ఛకుడు (సమస్య ఇచ్చిన నేను): అక్కర్లేదనిపిస్తోంది. చివరి పాదంలో 'నెత్తురు' రాగానే ఆ బొట్టేమిటో తెలిసిపోతుంది. వేలు కోసుకుని కటౌట్‌కి తిలకం దిద్దే కుర్రాళ్లను చూసిన ఊరు మనది. ఆ తల్లి ఏడుపూ ఈ నవ్వూ ఒకే పద్యంలో పట్టడం నాకెంతో నచ్చింది. ఒక్క కోరిక. దాత ఇచ్చిన ఎర్రకణాలు ఐదారు వారాలకు మించి నిలవ ఉండవు. అందరూ ఒకే ఆదివారం ఇచ్చేసి వెళ్లిపోతే వేసవిలో, కాలేజీలకు సెలవులిచ్చాక, పిల్లలకి మళ్లీ కరువే. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. సంఘం వాళ్లు పేర్లు రాసుకుని విడతలుగా పిలుస్తామన్నారు. ఆ వంతుల మీద కూడా ఎవరైనా పద్యం రాయండి.

మాస్టారి పద్యాన్నీ, సవరించిన గాజువాక పద్యాన్నీ నిధి రశీదు పుస్తకాల అట్ట వెనక అచ్చుకి ఇస్తున్నాం. పెందుర్తి తమ్ముడు గురువారం లోపు మూడో పాదం మార్చి పంపితే అదీ వేయిస్తాం.