కాకరకాయ రసం తాగితే షుగర్ మాత్రలు మానవచ్చా?

గోదారిగట్టు: మా మేనత్తగారు రోజూ పరగడుపున కాకరకాయ రసం తాగుతున్నారు. దానితో షుగర్ అదుపులోకి వస్తుందా, మాత్రలు తగ్గించుకోవచ్చా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

పెరటితోట: తప్పక వస్తుందండీ. ఆరు నెలలుగా తాగుతున్నాను. నా పరగడుపు షుగర్ 168 నుంచి 131కి దిగింది. అయితే ముక్కలకు ఉప్పు రాసి చేదు పిండేసి, బెల్లం వేసి పులుసు పెట్టుకుంటే ఫలితం ఉండదు. సారమంతా ఆ చేదులోనే ఉంది.

మందులచీటీ: ఆ ఆరు నెలల్లోనే సాయంత్రం నడక మొదలుపెట్టానని, రాత్రి అన్నం మాని జొన్నరొట్టె తింటున్నానని మీరే ఇదివరకు ఇక్కడ రాశారు. తగ్గినదంతా కాకర ఖాతాలో ఎలా వేస్తాం? అందులో చరాంటిన్ వంటి పదార్థాలున్న మాట, జంతువులపై ప్రయోగాల్లో చక్కెర తగ్గిన మాట నిజమే. కానీ 2012లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు మనుషులపై జరిగిన నాలుగు పరీక్షలను పరిశీలించారు. వాటన్నిటిలో కలిపి ఉన్నది 479 మందే, ఏ పరీక్షా మూడు నెలలు దాటలేదు. చికిత్సగా సూచించడానికి ఆ ఆధారాలు చాలవని వారు తేల్చారు.

పెరటితోట: నేను చెప్పింది చేదు సంగతి. పిండితే సారం పోదంటారా?

కరివేపాకు: పిండకపోతే మా పిల్లలు కంచం ముట్టరు.

మందులచీటీ: పిండిన నీటితో విటమిన్ సి కొంత పోతుంది, పీచు మిగులుతుంది. నా భయం అది కాదు. మా నాన్నగారు ఒకరోజు గ్లైమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని, పెద్ద గ్లాసెడు కాకర రసం తాగి, టిఫిన్ ఆలస్యం చేశారు. చెమటలు పట్టి, చేతులు వణుకుతూ గుమ్మంలోనే కూలబడ్డారు. గ్లూకోమీటరు 52 చూపింది. పంచదార నీళ్లు పట్టించాక గాని మనిషి తేరుకోలేదు.

పెరటితోట: అది టిఫిన్ ఆలస్యం చేసిన తప్పు. కాకరను ఎందుకు నిందిస్తారు?

మందులచీటీ: ఆ మాత్ర వేసుకుని ఆకలితో ఉంటే చాలు చక్కెర పడిపోవచ్చు, దానిపై తగ్గించే గుణముందని మీరే చెప్పే రసం కూడా పోస్తున్నాం. గుణముందని నమ్మేవారే ఎక్కువ భయపడాలి కదా!

పెరటితోట: మీరు ఇంట్లో మనిషిని చూసుకునేవారు, నేను రోగిని. నాలుగేళ్లలో డాక్టరు గదిలో నాకు దక్కింది ప్రతిసారీ రెండు నిమిషాలు. మాత్ర పెంచారే తప్ప, ఏం తింటున్నావని ఒక్కసారీ అడగలేదు. ఈ కాకరకాయ నా చేతిలో ఉన్న పని. అదీ పనికిరాదంటే నాకింకేం మిగిలింది?

మందులచీటీ: పనికిరాదని నేననలేదండీ. వంద గ్రాముల కాకరలో 17 కేలరీలే ఉంటాయి. అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట కూర పెట్టుకుంటే, భోజనం తర్వాత షుగర్ అంతగా పెరగదు. అది మీ చేతిలో పనే. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి, మూడు నెలలకోసారి, గత రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ చూపించుకోండి.

పెరటితోట: మాత్ర ఆపానని నేనెక్కడా రాయలేదు. రసం మాత్రం మానను.

గోదారిగట్టు: ఇదంతా చదివి అత్తయ్యకు ఫోన్ చేశాను. పది రోజులుగా మాత్ర వేసుకోవడం లేదట. రేపు ఉదయమే ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.