క్యూప్రస్ ఆక్సైడ్ (రాగి ఆక్సైడ్) ఫిల్మ్‌లో నల్లమచ్చలు, 42.3 దగ్గర పీక్: సాయం చేయండి

మూడోఏడు_స్కాలర్: ద్రావణం (బాత్) నుంచి కరెంటుతో ఫిల్మ్ పేరుస్తున్నాను. కాపర్ సల్ఫేట్ 0.4 మోలార్, లాక్టిక్ ఆసిడ్ 3 మోలార్, కాస్టిక్ సోడాతో పీహెచ్ 12, బాత్ 60 డిగ్రీలు, −0.4 వోల్టులు. ఎఫ్‌టీఓ (ఒకవైపు కరెంటు పారే పూత ఉన్న గాజు) మీద ఒకసారి ఇటుకరంగు, ఇంకోసారి నల్లమచ్చలు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్ష) 42.3 డిగ్రీల దగ్గర పెద్ద పీక్. రాగి లోహమేనా? టాక్ ప్లాట్ (కాంతి శోషణ నుంచి బ్యాండ్ గ్యాప్ లెక్కకట్టే గ్రాఫ్) గురించి కూడా చెప్పండి. గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

ఎలక్ట్రోడ్_బాబాయ్: −0.4 ఏ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి? కాలమెల్ అంకె తెచ్చి సిల్వర్ క్లోరైడ్ మీద పెడితే 44 మిల్లీవోల్టులు ఇంకా నెగటివ్‌కి పోయినట్టే. ఈ ముక్క రాయకుండా సాయం అడగడమేంటయ్యా?

గ్లోవ్స్_పింక్: పీహెచ్ ఎప్పుడు చూశారు? కాస్టిక్ పోస్తుంటే బీకరు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. చల్లారాక చూడాలి. మా సీనియర్ ఒకాయన పొగలొస్తుండగానే కాగితం ముంచి ‘పన్నెండే’ అనేవారు.

పీక్‌వేట: 42.3 అంటే రాగే, డౌటే లేదు.

ఎలక్ట్రోడ్_బాబాయ్: రాగి స్ఫటికంలో (111) తలం పీక్ 43.3. 42.3 క్యూప్రస్ ఆక్సైడ్ (200). నేను ఈ బాత్‌లు కాచే నాటికి తమరు ఇంటర్ చదువుతుండి ఉంటారు.

పీక్‌వేట: శాంపిల్ ఎత్తు తేడా ఉంటే పీక్ జరుగుతుంది సార్. వయసు కాదు, డేటా చూపండి.

ఎలక్ట్రోడ్_బాబాయ్: జరిగితే కింద ఎఫ్‌టీఓ పీకులూ జరగాలిగా! 26.6, 37.9 వాటి చోటే ఉంటే మీ వాదన అక్కడితో సరి.

గ్లోవ్స్_పింక్: పోట్లాట ఆపండి బాబూ. పీహెచ్ 12లో 36.4 దగ్గరి క్యూప్రస్ ఆక్సైడ్ (111) పెరగాలి, పీహెచ్ 9 దగ్గరైతే (200). అంటే ఈయన బాత్ పన్నెండు లేదనే నా అనుమానం.

స్లాట్‌రాని_శాస్త్రి: మీకు ఎక్స్‌ఆర్‌డీ స్లాట్ ఎలా దొరికిందండీ? మా మెషీన్‌ని చల్లబరిచే చిల్లర్ పాడై మూలనపడింది. రివ్యూయరేమో షెర్రర్ సైజు (పీక్ వెడల్పు నుంచి లెక్కకట్టే స్ఫటికం సైజు) కావాలంటాడు, ఇన్‌స్ట్రుమెంట్ బ్రాడెనింగ్ (మెషీన్ వల్ల వచ్చే వెడల్పు) తీసేశావా అని మళ్ళీ వాడే అడుగుతాడు.

కొత్త_ఎమ్మెస్సీ: అన్నా, నాకసలు ఫిల్మే పడట్లేదు.

గ్లోవ్స్_పింక్: గాజు వైపు పెట్టావేమో తమ్ముడూ, మల్టీమీటర్‌తో చూడు.

మూడోఏడు_స్కాలర్: రిఫరెన్స్ సిల్వర్ క్లోరైడే, రెసిపీ కూడా దాంతోనే. 26.6, 37.9 కదల్లేదు. బాత్ చల్లార్చి చూస్తే పీహెచ్ 9.6. నల్లమచ్చలున్న శాంపిల్‌లో మాత్రం 43.3 దగ్గర చిన్న బుడిపె ఉంది.

పీక్‌వేట: చూశారా, రాగి ఉందన్నానా లేదా!

ఎలక్ట్రోడ్_బాబాయ్: నువ్వన్నది 42.3 నాయనా. పైకెళ్ళి చదువుకో.