టేకాఫ్‌లో ముక్కు ఎడమకే పోతోంది, మీరెలా దారిలో పెట్టారు?

సోలో_కోసం: సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం, నాకు 19 గంటల ఫ్లయింగ్ అయ్యింది. థ్రోటిల్ నెట్టగానే ముక్కు ఎడమకు లాగేస్తోంది. నిన్న కుడి రడ్డర్ పెడల్ (తోక మీది నిలువు పలకను తిప్పేది) గట్టిగా తొక్కేసరికి కుడి అంచు లైట్ల మీదికి వెళ్లిపోయాం. సార్ థ్రోటిల్ లాగి ఆపేశారు. రాత్రంతా నిద్ర లేదు. క్రాస్‌విండ్ (పక్క నుంచి వీచే గాలి) కూడా ఉంటే ఏం చేయాలి? ఇన్‌స్ట్రక్టర్‌ని మార్చుకోనా?

రవ్వంత_రడ్డర్: థ్రోటిల్ ఒక్కసారిగా కాదు, మూడు లెక్కపెడుతూ నెట్టండి. చూపు రన్‌వే చివర ఉండాలి. నా తప్పంతా మడమల్లో ఉండేది. అవి నేలకు ఆనక, పాదం పైకి జరిగి తెలియకుండా పెడల్ పైభాగంలోని బ్రేక్ తొక్కేదాన్ని.

1400_గంటలు: ఎంతోమందికి నేర్పినవాడిగా చెబుతున్నా, ఇది పీ-ఫ్యాక్టర్. ప్రొపెల్లర్‌లో కుడి పక్క కిందికి దిగే రెక్క ఎక్కువ లాగుతుంది. అంతే.

సుడిగాలి: అంతే కాదు సార్. మూడు చక్రాలూ నేల మీదుంటే ప్రొపెల్లర్ దాదాపు తిన్నగా గాలికి ఎదురుగా ఉంటుంది. పీ-ఫ్యాక్టర్ బలపడేది ముక్కెత్తాకే. పరుగు మొదట్లో అసలు పని ప్రొపెల్లర్ మెలితిప్పిన గాలిది. అది తోక మీది నిలువు రెక్కను ఎడమ నుంచి తోస్తుంది.

1400_గంటలు: నాలుగు పేజీలు చదివి నాకు పాఠం చెప్పొద్దు. ఏదైనా కుడి రడ్డరేగా?

సుడిగాలి: ఎంత తొక్కాలన్నదే కదా ఆయన బాధ! వేగం పెరిగేకొద్దీ రడ్డర్‌కి పట్టు వస్తుంది. మొదట చాలని తొక్కుడే తర్వాత ఎక్కువైపోతుంది. కుడికి దూసుకెళ్లింది అందుకే అయ్యుండొచ్చు. మీ గంటల మీద గౌరవం ఉంది, కానీ ఇది తప్పు.

పుష్పక్_రోజులు: మేము హెచ్‌ఏఎల్ పుష్పక్ మీద నేర్చుకున్నాం, తోక చక్రం విమానం. బరువు ప్రధాన చక్రాల వెనక ఉంటుంది కాబట్టి కాస్త పక్కకు తిరిగితే చాలు, తోక చుట్టూ తిరిగొచ్చేస్తుంది. తోక లేపే క్షణంలో గైరో ప్రభావానికి (తిరిగే ప్రొపెల్లర్‌ను వంచితే అది పక్కకు తిప్పేస్తుంది) ముక్కు ఇంకోసారి ఎడమకు పోతుంది. టైగర్ మాత్ అనే పాత విమానంలో ప్రొపెల్లర్ వ్యతిరేక దిశలో తిరుగుతుంది, దానికి ఎడమ పెడల్ కావాలి. 'ఎప్పుడూ కుడే' అని బట్టీ పట్టకండి బాబూ.

టెక్సాస్_తమ్ముడు: సీటు సంగతి ఎవరూ ఎత్తలేదేం? పట్టాలు అరిగితే సీటు వెనక్కి జారుతుంది, కాళ్లకు పెడల్స్ అందవు. సెస్నా సీటు పట్టాల తనిఖీకి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) 1987లోనే ఆదేశం ఇచ్చింది. బెల్ట్ పెట్టుకున్నాక ముందుకూ వెనక్కూ ఊపి చూడండి.

సోలో_కోసం: ఊపి చూశాను, గట్టిగానే ఉంది. కానీ ఒక గడి ముందుకు జరిపితేనే మడమలు నేలకు ఆనుతున్నాయి. క్రాస్‌విండ్ ప్రశ్న అలాగే ఉండిపోయిందండీ.

రవ్వంత_రడ్డర్: గాలి వచ్చే వైపు యోక్ (చేతిలోని స్టీరింగ్) పూర్తిగా తిప్పి మొదలుపెట్టండి, వేగం పెరిగేకొద్దీ తగ్గించండి. ఎడమ గాలైతే ముక్కు మరీ ఎడమకు పోతుంది. 172 పుస్తకంలోని 15 నాట్ల క్రాస్‌విండ్ పరీక్షలో చూపించిన అంకె, 19 గంటలవాళ్లకు కాదు. అంచుకు పోతుంటే థ్రోటిల్ మూసేయడమే సరి. మీ సార్ చేసిందదే, ఆయన్ని మార్చకండి.