డిగ్‌ను వదిలి రెడిట్‌కు ఎందుకు వెళ్లారు? అప్పట్లో వాడినవాళ్లు చెప్పగలరా?

నమస్కారం అండీ. ఏ వార్త పైకి రావాలో పాఠకులే ఓట్లతో తేల్చే వెబ్‌సైట్ల గురించి ఎం.ఏ. జర్నలిజం ప్రాజెక్టు రాస్తున్నాను. 2004లో మొదలైన డిగ్ దగ్గర ఆగిపోయాను. 2010 ఆగస్టులో వచ్చిన నాలుగో వెర్షన్‌లో, నచ్చని లింకును కిందికి తోసే 'బరీ' బటన్ తీసేశారు. పత్రికల లింకులు వాటంతటవే వచ్చిపడేలా చేశారు. జనం కోపంతో రెడిట్‌కు తరలిపోయారు.

కానీ అంతకుముందు నుంచే కొద్దిమంది యూజర్ల లింకులే మొదటి పేజీని ఆక్రమించేవని కూడా అంటారు. నాకైతే అసలు దెబ్బ అక్కడే తగిలిందనిపిస్తోంది. అమెరికాలో చదువుకుంటూనో, ఇక్కడ ఐటీ ఉద్యోగం చేస్తూనో అప్పట్లో డిగ్ వాడినవాళ్లుంటే దయచేసి చెప్పండి. కొత్తవాళ్లు పెట్టిన లింకులకు ఓట్లు పడేవా? మీరు మానేసింది ఎప్పుడు, దేనివల్ల? వచ్చే నెలే ప్రాజెక్టు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.