డీటీపీ చేసేవాళ్లు కొంచెం దారి చెప్పండన్నా

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో చిన్న డీటీపీ షాపు నాది. పంతొమ్మిదేళ్లుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో దస్తావేజులు, పెళ్లి పత్రికలు కొడుతున్నా. ఇప్పుడు వచ్చేవాళ్లే ఫోన్లో మాట్లాడి టైపు చేయించుకొని, వాట్సాప్‌లో పంపి "ప్రింటొక్కటి తీయన్నా" అంటున్నారు. టైపింగ్ డబ్బులు పోయినట్టే.

సరే, మనమూ నేర్చుకుందామని మొన్న ఒక పాత భాగపరిష్కార దస్తావేజు (అన్నదమ్ములు ఆస్తి పంచుకున్న కాగితం) ఫోటో తీసి ఏఐ యాప్‌కు ఇచ్చినా. నిమిషంలో పేజీ మొత్తం వచ్చింది. చెక్కుబందీ, అంటే చేను నాలుగు హద్దులు రాసేచోట చూస్తే 'తూర్పు: వంక' అని ఉండాల్సింది 'తూర్పు: వంకర' అయి కూర్చుంది. సీమలో వంకంటే వాగని దానికెట్ల తెలుస్తుందిలే! నవ్వుకున్నా. కానీ సర్వే నంబరు 318 కాస్తా 378 అయింది. నా కంట పడకపోయింటే ఇంకొకరి చేను రాసిచ్చేవాణ్ణి. అర్థం కానిచోట ఖాళీ వదలదు, ధైర్యంగా ఏదో ఒకటి రాసేస్తాది.

అంకెలు, పేర్లు ముట్టకుండా ఉన్నదున్నట్టు దించమని దానికి ఎట్ల చెప్తున్నారు మీరు? దస్తావేజుల్లో ఆధార్ నంబర్లు కూడా ఉంటాయి గదా, నెట్ లేకుండా కంప్యూటర్లోనే తెలుగు చదివేది ఏది బాగుంది? ఇంకోటి, అను ఫాంట్లు యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లూ నెట్టూ వాడే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి నా పాత ఫైళ్లు మారిస్తే ఒత్తులన్నీ చెదురుతున్నాయి. మంచి కన్వర్టర్ వాడినవాళ్లుంటే చెప్పండి.

ఏఐ రాసింది అసలుతో పోల్చి సరిచూసినందుకు పేజీకి ఎంత తీసుకుంటున్నారు? అడగాలంటే నాకు నోరు రావడం లేదు.