పుట్టి బేరం, క్వింటా ధర: తేమకు 950 కిలోలు తూయడం న్యాయమేనా?

బుచ్చి రైతు:
వడ్ల బేరం మా పాత కొలత పుట్టికి మాట్లాడారు, మద్దతు ధరేమో క్వింటాకి. రెండూ ఎట్లా పోల్చుకోవాలి? మిషన్ కోత, తేమ 22 శాతం వచ్చింది. అందుకని కొనేవాళ్లు పుట్టికి 950 కిలోలు తూయమంటున్నారు.

కొడవలూరు:
మన నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటా 2,369, ఏ గ్రేడుకి 2,389. పుట్టికి కడితే 20,136, 20,306 పడతాయి. పుట్టి 19,000 అన్నారనుకో, 850 తూస్తే క్వింటా 2,235, అదే డబ్బుకి 950 తూస్తే 2,000 మాత్రమే. బేరం ఒప్పుకునే ముందే ఎన్ని కిలోలకో తేల్చుకో అన్నా.

కావలి వడ్లు:
తేమ తరుగు అడగడం తప్పు కాదు, ఎంత అడుగుతున్నారన్నదే చూడాలి. కొనుగోలు కేంద్రాల్లో హద్దు 17 శాతం. 17 తేమతో 850 కిలోలకు సరిపోయే పచ్చి వడ్లు కావాలంటే 850ని 83తో (వందలోంచి 17 పోగా మిగిలేది) హెచ్చవేసి, వందలోంచి నీ తేమ తీసేస్తే మిగిలేదానితో భాగించు. 22 తేమకి 850 × 83 ÷ 78, దాదాపు 905 కిలోలు. మీ దగ్గర 45 కిలోలు ఎక్కువ అడుగుతున్నారు. 950 న్యాయం కావాలంటే తేమ 26 దాకా ఉండాలి. కొందరు రైతులు 22లోంచి 17 పోతే 5 శాతం, 42 కిలోలు చాలంటారు, అదీ సరికాదు. తాలు, మట్టి తరుగు దీంట్లో కలపనియ్యొద్దు, విడిగా మాట్లాడుకోండి.

మీటరుకి పట్ట కింద చెమ్మపట్టిన వడ్లొక్కటే ఇస్తే అంకె పెరుగుతుంది. రాశి పైన, నడుమ, అడుగు మూడుచోట్లా పిడికెడు తీసి కలిపి, మూడుసార్లు చూసి సగటు కట్టండి. వీలుంటే రెండంగుళాల మందాన ఆరబోసి గంటకోసారి కాళ్లతో తిరగేయండి. మిట్టమధ్యాహ్నం ఎండకి ఒకేసారి ఎండగొడితే గింజ పగిలి మిల్లులో నూక ఎక్కువ వస్తుంది.

కాటా పని:
గోతాం బరువు మరవొద్దు. జనపనారది ఒక్కోటి 580 గ్రాములు. 40 కిలోల బస్తాలైతే పుట్టికి 21 బస్తాలు, పైన 10 కిలోలు. 22 గోతాలకి పన్నెండున్నర కిలోలు దాటుతుంది. ఖాళీ గోతాం కాటా మీద పెట్టి సున్నా చేసి తూస్తే పేచీ ఉండదు. కాటా చదునైన నేల మీద ఉండాలి. ముద్రున్న 20 కిలోల రాయి నాలుగు మూలలా, నడుమా పెట్టి చూడండి. ఎక్కడ తేడా చూపినా ఆ కాటా వద్దు. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి పడాలి, తేదీ చూడండి.

బుచ్చి రైతు:
వే బ్రిడ్జి మీద తూస్తే?

కాటా పని:
మంచిదే. ఖాళీ బండి బరువు అప్పటికప్పుడు తూయించాలి, పాత చీటీ ఒప్పుకోవద్దు. డ్రైవరు రెండుసార్లూ దిగాలి, లేదా రెండుసార్లూ కూర్చోవాలి. రెండు చీటీలూ మీ దగ్గరే ఉంచుకొని, రసీదులో పుట్లు కాకుండా కిలోలు రాయించుకోండి.